ఊపిరికో పోగు

ఆ వేసవిలో నాకు రెండో షాపు తప్ప వేరే ధ్యాస లేదు. ఆటోనగర్‌లో లారీల బ్రేకు సామాను అమ్మే షాపు మాది. పక్క వీధిలో మూలమీది షాపు ఖాళీ అవుతోందని విన్న దగ్గర్నుంచి అన్నం తింటున్నా అదే ఆలోచన, భవానీపురంలో మా మేడమీద నిలబడి కృష్ణానదిని చూస్తున్నా అదే. అంతకుముందు ఏడాది లాక్‌డౌన్‌లో సుత్తి చప్పుడు లేని ఆటోనగర్‌ని చూసి కూడా ఆ కోరిక తగ్గలేదు. పైగా ముదిరింది. పోయిన కాలాన్ని పూడ్చుకోవాలన్న తొందర ఒకటి పట్టుకుంది.

రెండోసారి కరోనా ఊరిమీద పడ్డప్పుడు నాకు జ్వరం వచ్చింది. కొన్నాళ్ళు ఇంట్లోనే మాత్రలు మింగాను. ఒక ఉదయం బాత్‌రూమ్ దాకా నడిచి తలుపు పట్టుకుని నిలబడిపోయాను. గాలి లోపలికి వస్తోంది గానీ ఎక్కడా ఆనడం లేదు. నా భార్య నా వేలికి ఆక్సీమీటర్ పెట్టి చూసింది. అంకె నాకు చెప్పకుండా అంబులెన్స్‌కి ఫోన్ చేసింది.

ఎక్కడెక్కడో తిరిగాక ఒక ఆసుపత్రిలో మంచం దొరికింది. గేటు దగ్గర ఆమెని ఆపేశారు.

"చార్జర్ సంచిలో పెట్టానండీ," అంది. మళ్ళీ అదే అంది. "చార్జర్ సంచిలోనే ఉందండీ."

మనిషి కోరికలు అంత తొందరగా రాలిపోతాయని ఎవరైనా ముందే చెప్పి ఉంటే నేను నమ్మేవాణ్ణి కాదు. ముఖానికి ఆక్సిజన్ మాస్క్ బిగించిన మొదటి పూటే షాపు మీద కోరిక పోయింది. అది పోయిన సంగతి కూడా నాకు తెలియలేదు. తర్వాత ఆకలి పోయింది. ఫోన్ మోగుతుంటే చెయ్యి చాపాలనిపించేది కాదు. చివరికి ఒక్కటే మిగిలింది. ఈ ఊపిరి తర్వాత ఇంకో ఊపిరి రావాలి. మూడో రోజో నాలుగో రోజో, అది కోరుకోవడానికీ ఓపిక చాలలేదు. భయం వెయ్యలేదు. అలసట, అంతే. అదే ఎంత ప్రమాదమో ఇప్పుడు అర్థమవుతోంది.

"బోర్లా పడుకోవాలండీ. ఎంతసేపు ఉండగలిగితే అంతసేపు," అని తెల్లటి సూట్‌లోంచి డాక్టర్ గారు చెప్పి వెళ్ళేవారు. నేను కాసేపు ఉండి వెల్లకిలా తిరిగిపోయేవాణ్ణి.

పక్క మంచం మీద ఒక పెద్దాయన ఉండేవాడు. మంగళగిరిలో మగ్గం నేస్తాడని సిస్టర్ అన్నప్పుడు విన్నాను. ఒక మధ్యాహ్నం అటు చూస్తే, ఆయన బోర్లా పడుకుని ఉన్నాడు. దుప్పటి కింద పాదాలు కదులుతున్నాయి. కుడికాలు నొక్కి, ఎడమకాలు నొక్కి, మళ్ళీ కుడికాలు. జ్వరం సంధిలో కొట్టుకుంటున్నాడేమో అనుకున్నాను. కానీ ఆ కదలికలో ఎక్కడా తడబాటు లేదు. ఒక పాదం నొక్కినప్పుడు వీపు పైకి లేస్తోంది. ఇంకోటి నొక్కినప్పుడు దిగుతోంది.

సాయంత్రం గంజి తాగడానికి మాస్క్ తీసినప్పుడు అడిగాను.

"బాబాయ్ గారూ, నిద్రలో కాళ్ళు ఆడిస్తున్నారు."

"నిద్దరెక్కడిది బాబూ. నేస్తన్నా." రెండు మాటలకోసారి ఆగుతున్నాడు. "చీర మగ్గం మీద సగంలో ఉండిపోయింది. ఊపిరికో పోగు. అంచు దాకా వచ్చానంటే... మళ్ళీ వెనక్కి."

"ఇక్కడ పడుకునా?"

"కళ్ళు మూసుకుంటే మగ్గం కనపడద్దిగదండీ. మీరూ చెయ్యండి."

"నాకు మగ్గం రాదండీ."

"మీకేదొస్తే అదే చెయ్యండి," అని ఆయన మాస్క్ పెట్టేసుకున్నాడు.

నేనూ బోర్లా తిరిగి కళ్ళు మూసుకున్నాను. షాపు వస్తుందనుకున్నాను. ఇరవై ఏళ్ళుగా నా ప్రాణం అదే కదా. షట్టర్ ఎత్తబోయాను, లేవలేదు. అరల్లో ఏ సామాను ఎక్కడుందో గుర్తు చేసుకోబోయాను, ఏదీ కనపడలేదు. వదిలేశాను. అప్పుడు, నేను పిలవకుండానే, బందరు కాలవ గట్టు వచ్చింది. మా నాన్న పాత సైకిల్ మీద, సీటు అందక, అడ్డకమ్మీ కింద నుంచి కాలు దూర్చి తొక్కుతున్నాను. కాలవలో గుర్రపుడెక్క పూసింది. గట్టు మీద దుమ్ము వెచ్చగా ఉంది. నలభై ఏళ్ళుగా ఒక్కసారి కూడా తలుచుకోని గట్టు అది. నా పాదాలు వాటంతటవే కదిలాయి. ఒక తొక్కుడుకి గాలి లోపలికి, ఇంకో తొక్కుడుకి బయటికి. ఎక్కడికి వెళ్తున్నానో తెలియదు. కానీ ఇంకాస్త ముందుకు వెళ్ళాలనిపించింది. అలా అనిపించి ఎన్నాళ్ళయిందో.

మర్నాడు సిస్టర్ మా రెండు మంచాల మధ్య నిలబడి చూసింది. ఆమె మొహం ఏనాడూ చూడలేదు, కళ్ళు మాత్రమే తెలుసు. ఆ కళ్ళు నవ్వాయి.

"ఏంటండీ ఇద్దరూ? పందెమా?"

"ఆయన మగ్గం నేస్తున్నారు, నేను సైకిల్ తొక్కుతున్నానండీ," అన్నాను ఇద్దరికీ వినపడేలా.

ఆ తర్వాత నా కోరికలు ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి. కొత్తగా పుట్టినట్టు వచ్చాయి. మొదట మజ్జిగ తాగాలనిపించింది. రుచి తెలియలేదు గానీ, తాగాలనిపించినందుకే కళ్ళు చెమర్చాయి. తర్వాత కిటికీ దాకా నడవాలనిపించింది. తర్వాత నా భార్య గొంతు వినాలనిపించింది. ఫోన్ చేసి ఏం వండావని అడిగితే, ఆమె ఆవేళ వండిన బీరకాయ కూర గురించి చెబుతూ పోయింది. నేను వింటూ ఉండిపోయాను.

అన్నిటికన్నా వింతగా, పక్క మంచం మనిషి బతకాలన్న కోరిక వచ్చింది. అప్పటికి ఆయనకి ఎక్కువైంది. పాదాలు ఆగిపోయాయి. ఒక ఉదయం ఆయన్ని ఐసీయూకి తీసుకెళ్ళారు. ఖాళీ మంచానికి కొత్త దుప్పటి పరిచారు. నేను ఇంటికి వెళ్ళే రోజున సిస్టర్‌ని అడిగితే, "ఉన్నారండీ, డాక్టర్లు చూస్తున్నారు," అని మాత్రం అంది. ఆయన ఇంటి నంబరు సంపాదించి ఇచ్చింది.

ఆ నంబరుకి చెయ్యడానికి ధైర్యం చాలలేదు. వర్షాలు మొదలయ్యాక నా భార్యే, "మీరు చెయ్యరు గానీ ఇటివ్వండి," అని ఫోన్ లాక్కుని కలిపింది. అవతల ఎవరో ఎత్తారు. ఆమె మొహం విప్పారింది. స్పీకర్ పెట్టింది.

"సైకిలెక్కడిదాకా వచ్చింది బాబూ?" అన్నాడు పెద్దాయన.

ఫోన్ అందుకుని, "ఇంటిదాకా వచ్చిందండీ," అన్నాను.

ఆ వారమే మంగళగిరి వెళ్ళాం. ఆయన సగమైపోయాడు. గుంట మగ్గంలో కూర్చుని కాసేపు నేసి, గోడకి ఆనుకుని ఊపిరి కూడదీసుకుని మళ్ళీ నేస్తున్నాడు. ఆసుపత్రికి వెళ్ళేముందు మొదలెట్టిన చీర ఇంటికొచ్చాక పూర్తి చేశాడు. దాన్ని నెయ్యమని చెప్పిన షాపాయన, పెళ్ళిళ్ళు ఆగిపోయాయి కాబట్టి వద్దన్నాడట.

"కొనేవాళ్ళు లేరని తెలిసి కూడా నేశారా?"

"నేనూ అదే అన్నానండీ," అంది ఆయన భార్య. "వింటేనా."

ఆయన కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "కొంటారని నేస్తన్నాననే అనుకునేవాణ్ణి బాబూ, ఇన్నాళ్ళూ. కాదని ఆ మంచం మీద తెలిసింది." ఆ చీర ఆవిడే కట్టుకుని ఉంది. ముదురాకుపచ్చ, సన్నటి జరీ అంచు. మేం చూస్తున్నామని పైట సర్దుకుంది.

నేను మూలమీది షాపు తీసుకోలేదు. మారిపోయానని చెప్పను. మళ్ళీ షట్టర్ ఎత్తిన నెలలోనే బేరం దగ్గర ఒకాయన మీద గట్టిగా అరిచాను. కానీ పొద్దున్నే లేవగానే ఏం కావాలనిపిస్తోందో గమనించడం అలవాటైంది. కొన్ని రోజులు కాఫీ. కొన్ని రోజులు ఎవరితోనైనా ఊరికే మాట్లాడటం.

వానలు వెనకబట్టాక పెద్దాయన రమ్మన్నాడు. కొత్త పడుగుకి గంజి పెడుతున్నారట. తెల్లవారేసరికి వెళ్ళాం. వాళ్ళ వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా చీర నిలువు పోగులన్నీ గాల్లో బారుగా సాచి ఉన్నాయి. అంత పొడుగు పడుగు ఇద్దరి వల్ల అయ్యేది కాదు. ఏడాదిన్నరగా ఒకరి గడప ఒకరు తొక్కని జనం ఇళ్ళలోంచి బయటికొచ్చి, రెండువైపులా నిలబడ్డారు. ఒకరు గంజి అద్దుతుంటే ఇంకొకరు బ్రష్‌తో దువ్వుతున్నారు. తెగిన పోగు కనపడితే ఎవరో ఒకరు వంగి ముడి వేస్తున్నారు. కొందరికి మాస్కులు ఉన్నాయి, కొందరివి గడ్డం కిందికి దిగాయి.

"అట్టా చూస్తారేంటండీ, ఆ కర్ర పట్టుకోండి!" అని ఒకావిడ నన్ను కేకేసింది.

పడుగు కొసన పోగులన్నీ చుట్టిన కర్రని వెళ్ళి పట్టుకున్నాను. ఎండ వీధిలోకి దిగింది. తడి పోగులన్నీ ఒక్కసారిగా మెరిశాయి. అవతలి చివర వీధిలోవాళ్ళు లాగినప్పుడల్లా, ఆ బరువు నా అరచేతుల్లోకి వస్తోంది.