టీచరుగారి పక్క చుక్క మీద దిగినవాళ్లు

మా పక్కింటి టీచరుగారు పోయారని ఆవిడ చెల్లెలు రాజమండ్రి ఆసుపత్రి నుంచి ఫోన్ చేసేసరికి నేను ఆవిడ గదిలోనే, ఆవిడ కుర్చీలోనే, కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాను. తాళం నాకిచ్చి, చెయ్యమని చెప్పి వెళ్లిన పని చేస్తున్నాను. "పొద్దున్న ఆరింటికండీ. బాధ పడలేదు," అన్నారావిడ. ఆయ్ అన్నాను.

మీలో చాలామంది కొత్తపేటలో ఆవిడ దగ్గర సోషలు చదువుకున్నవాళ్లే. బడిలో ఆవిడ ఎలా ఉండేవారో ఈ జ్ఞాపకాల పుస్తకంలో మీరు రాస్తారు. నాకు తెలిసింది రిటైరయ్యాక ఆవిడ ఆడిన ఆట. ఐదో తరగతి దాటనిదాన్ని, తప్పులుంటే మన్నించండి.

అది ఆకాశంలో రాజ్యాలు కట్టే ఆట. చుక్క చుట్టూ తిరిగే లోకాల మీద మనుషుల్ని దింపాలి, పంటలు వెయ్యాలి, గనులు తవ్వాలి, ఓడలు కట్టాలి. ఒక్కసారి మీట నొక్కితే ఆటలో ఒక నెల గడుస్తుంది. మనలాగే ఇంకొందరు రాజులుంటారు, వాళ్లని కంప్యూటరే ఆడిస్తుంది. మనది ఆకుపచ్చ రంగు. టీచరుగారు చేతులు వణికే జబ్బు వచ్చి మౌసు పట్టుకోలేక, ఒకరోజు గోడ మీంచి నన్ను పిలిచారు. "అక్కగారూ, మీ చెయ్యి ఓ గంట ఇటు తీసుకొస్తారా?" అప్పటినుంచి రోజూ భోజనాలయ్యాక ఆవిడ చెప్పడం, నేను నొక్కడం.

ఒకనాడు మా సరిహద్దుకి రెండు చుక్కల దూరంలో పసుప్పచ్చ రంగువాళ్లు ఓ ఊరు దింపారు.

"ఇంత దగ్గరికొచ్చేసేరేంటండీ. చిన్నగా ఉండగానే కొట్టెయ్యండి."

"కొట్టొచ్చండీ. ఆ ఊళ్లో పట్టుమని పదిళ్లు లేవు. వెనకాల వాళ్ల రాజు ఎంతవాడో చూడకుండా చెయ్యేసేమనుకోండి, ఉన్న ఓడలన్నీ వేసుకుని మన మీదకొస్తాడు. అప్పుడు మీరు వెళ్లి సర్దిచెప్తారా?"

"నాకేం మాటలొచ్చండీ బాబూ."

ఆవిడ పద్ధతి వేరు. దారులన్నీ కలిసే చుక్క మీద ముందుగా మన మజిలీ ఒకటి పెట్టించారు, వాళ్లు ఇంకా ముందుకి పాకకుండా. తర్వాత వర్తకం తెరిపించారు. వాళ్లకి తిండి తక్కువ, మనకి మిగులు. వాళ్లకి కనపడేలా మన పక్క లోకంలో బడులూ ఆసుపత్రులూ కట్టించారు. ఆ ఊరి జనం మనసు ఎటు మొగ్గుతోందో చూపించే గీత ఒకటి ఉంటుంది. అది వెంట్రుకవాసి చొప్పున ఆకుపచ్చగా మారుతూ వచ్చేది. నిండితే ఊరు తనంతట తానే మనలో కలుస్తుంది. "ఇన్నాళ్లూ యుద్ధాలు చేసే గెలిచేనండీ. ఈ ఒక్క ఊరినీ నెత్తురు లేకుండా కలుపుకుని, అప్పుడు ఆపరేషనుకి వెళ్తాను," అనేవారు. వణుకు తగ్గడానికి తలకి ఆపరేషను. ఆ మాట వచ్చినప్పుడల్లా నేను ఆవిడ మొహం వంక చూసేదాన్ని. ఆవిడ మాత్రం గీత వంకే చూసేవారు.

ముప్పాతిక నిండిన గీతని నేనే పాడుచేశాను.

మా పుట్టిల్లు కపిలేశ్వరపురం దగ్గరి గోదావరి లంకలో. వరద తగ్గి కొత్త ఇసుక నేల తేలితే, అవతలి ఒడ్డువాళ్లు రాకముందే మావాళ్లు వెళ్లి పాక వేసి, కర్రలు పట్టుకుని కూర్చునేవారు. కొట్టుకునేదేమీ లేదు, ఊరికే కూర్చోవడమే. ముందు కూర్చున్నవాళ్లదే నేల. నేను చూసి పెరిగింది అది. ఆ మధ్యాహ్నం టీచరుగారు స్నానానికి వెళ్లారు. నేనొక్కదాన్నే కూర్చుని ఆ పసుపు చుక్కని చూస్తుంటే మనసు ఆగలేదు. ఉన్న ఓడలన్నీ తీసుకెళ్లి దాని ముందు నిలబెట్టాను. మూడుసార్లు మీట నొక్కేసరికి వర్తకం ఆగిపోయింది. గీత సగానికి పడిపోయింది.

ఆవిడ తల తుడుచుకుంటూ వచ్చి తెర చూశారు.

"కాపలాకే కదండీ పెట్టేను," అన్నాను.

"మీకు కాపలాయేనండీ. వాళ్ల కిటికీలోంచి చూస్తే దండు." తర్వాత నా మొహం చూసి నవ్వేశారు. "పోన్లెండి. మా హెడ్మాస్టరుగారూ ఇంతే. పిల్లలు అల్లరి చేస్తారేమోనని ముందే బెత్తం పట్టుకుని గుమ్మంలో నిలబడేవారు. అల్లరి అప్పుడే మొదలయ్యేది."

ఓడల్ని వెనక్కి రప్పించారు. దూతని పంపారు. ధాన్యం ఉచితంగా పంపారు. గీత మళ్లీ కదిలింది గాని, నత్తలా. ఆపరేషను తేదీ ఎవరి కోసమూ ఆగలేదు. వెళ్లేరోజు కారెక్కుతూ కూడా అదే ధ్యాస.

"రోజుకి పదిసార్లు నొక్కండి అక్కగారూ. ఇంకేమీ చెయ్యొద్దు. భయమేస్తే చేతులు ఒళ్లో పెట్టుకోండి."

"మీరొచ్చేలోగా ఏదన్నా అయితేనండీ?"

"అయితే వచ్చేక చూసుకుందాం."

నేను తలుపు గొళ్లెం పెట్టి, నాలుగడుగులు వేసి, మళ్లీ వెనక్కొచ్చి చూసుకునే మనిషిని. ఏమీ చెయ్యకుండా కూర్చోమని నాకు చెప్పినవారు ఆవిడొక్కరే. పదకొండు రోజులు కూర్చున్నాను. ఆ ఓడలు కదపకపోయి ఉంటే ఆవిడ చూస్తుండగానే ఆ ఊరు కలిసేది. ఎవరితో అన్నా ఆటే కదండీ అంటారు. ఆవిడ కూడా అదే అనేవారేమో. నాకు మాత్రం మింగుడుపడటం లేదు.

పొద్దున్న చెల్లెలుగారి ఫోను పెట్టేశాక చూస్తే ఆ రోజు నొక్కాల్సినవి ఇంకా రెండు ఉన్నాయి. ఆవిడ చెప్పిన పని కదా అని నొక్కాను. రెండోది నొక్కగానే తెర మధ్యలోకి ఒక పలక వచ్చింది. పైన ఆ పసుపు ఊరి బొమ్మ, కింద ఇంగ్లీషులో నాలుగు వరసలు, వాటి కింద రెండు మీటలు. ఇలాంటివి వస్తే ఆవిడే చదివి చెప్పేవారు. వాళ్లు కలుస్తామంటున్నారో, కొడతామంటున్నారో నాకు తెలియదు. వీధిలో ఎవరినైనా పిలిచి చదివించుకోవచ్చు. మనిషి పోయి రెండు గంటలు కాలేదు, ఆట గురించి ఏ ముఖం పెట్టుకుని అడగను? మౌసు మీంచి చెయ్యి తీసేశాను. తెర మీద బాణం గుర్తు రెండు మీటల మధ్య ఆగిపోయి ఉంది.