వర్జ్యంలో ఎక్కిన కైకలూరు బస్సు

మా అత్తగారు నన్ను తిట్టడం మానేసిన రోజుల గురించి ఇది. తిట్టని అత్తగారు దొరకడం అదృష్టమంటారు గానీ, ఆ అదృష్టం అనుభవించినదాన్ని కనక చెబుతున్నాను, అది పగవాళ్ళకి కూడా వద్దు.

రెండువేలు దాటిన కొత్తల్లో మాట. తాడేపల్లిగూడెంలో మా మావగారు పురోహితులు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి, దగ్గర్లో ఒక బళ్ళో లెక్కలు చెప్పేదాన్ని. వంకాయ తరిగితే ముక్కలు లావన్నారు అత్తగారు, చారు పెడితే నీళ్ళన్నారు, ముగ్గేస్తే చీమలు పాకినట్టుందన్నారు. నాకా ముక్కుమీదే కోపం. రోజూ దెబ్బలాటే. సాయంత్రమయ్యేసరికి పక్కవీధిలో ఉండే ఆవిడ చెల్లెలు వచ్చి, ఇద్దరి గోడూ విని, ఇద్దర్నీ నవ్వించి వెళ్ళేవారు.

ఆ చెల్లెలు ఒక వేసవిలో, జబ్బూ గిబ్బూ లేకుండా, నిద్రలోనే పోయారు. అప్పటినుంచి అత్తగారి నోరు మూతపడింది. పెడితే తినేవారు, పిలిస్తే పలికేవారు, అంతే. ఒకరోజు బడికి పరుగెత్తే హడావుడిలో నేను పప్పులో ఉప్పు వెయ్యడం మర్చిపోయాను. ఆవిడ కిక్కురుమనకుండా తిని లేచారు. తర్వాత నేను ముద్ద నోట్లో పెట్టుకున్నాక సంగతి తెలిసి, పెరట్లోకి పోయి భోరున ఏడ్చాను. ఈ మనిషి మాకు దక్కరేమోనని అప్పుడే భయం పట్టుకుంది.

ఏలూరులో డాక్టరుగారికి చూపించాం. ఒంట్లో ఏమీ లేదు, మనసే నలిగింది, మందులతో పాటు నాలుగు చోట్లకి తిప్పండి అన్నారాయన. ఊరందరి ప్రయాణాలకీ మంచిరోజులు చెప్పే మావగారు సొంత భార్యని తిప్పడానికి ముహూర్తం చూడరూ? రోజు బాగుంటే తారాబలం లేదు. తారాబలం ఉంటే ఆ దిక్కుకి వారశూల అడ్డం. అన్నీ కుదిరి చెప్పులేసుకుంటే వాకిట్లో పిల్లి ఎదురొచ్చింది. ఇలాగే వానలు కూడా వెనకబట్టాయి. నేను లోపల కుతకుతా ఉడికిపోయేదాన్ని.

రెండోసారి ఏలూరు వెళ్ళినప్పుడు, ఎక్కడెక్కడికి తీసుకెళ్ళారని డాక్టరుగారు అడిగారు. ఇంకా మంచిరోజు కుదరలేదండి, అన్నారు మావగారు. డాక్టరుగారు ఆయన మొహంలోకి ఓసారి చూసి, పాత మందులే మళ్ళీ రాసిచ్చారు. బయటికొచ్చాక మావగారు దారిపొడుగునా ఆ చీటీ మడతపెడుతూ, విప్పుతూ నడిచారు.

బస్టాండుకి చేరేసరికి వర్జ్యం మొదలైంది. వర్జ్యం నడుస్తుంటే ఇంటికి తిరుగు ప్రయాణానికైనా సరే, మా ఇంట్లో వాళ్ళు బస్సెక్కరు. అది పోయేదాకా బల్లమీద కూర్చోవాల్సిందే. గూడెం బస్సు ఒకటి పోయింది. ఇంకోటీ పోయింది. నాకు ఒళ్ళు మండుతోంది. ఇంతలో కైకలూరు బస్సొచ్చి ఎదురుగా ఆగింది. అత్తగారు తలెత్తి ఆ బోర్డుకేసి చూశారు. చూస్తూనే ఉన్నారు. అది పోయేది కొల్లేరు మీదుగానే. ఆవిడ చిన్నప్పుడు వాళ్ళ నాన్నగారు కొల్లేటి లంకల్లో బడిపంతులు. అక్కాచెల్లెళ్ళిద్దరూ తాటిదోనెలో బడికి వెళ్ళేవారట. చెల్లెలు బతికుండగా ఎన్నిసార్లు చెప్పారో ఆ కబుర్లు.

ఆ చూపు మావగారూ చూశారు. కండువా దులిపి భుజాన వేసుకుని లేచారు.

"లేవండమ్మా, ఎక్కండి."

వర్జ్యం కదండీ మావయ్యగారూ, అన్నాను. ఎత్తిపొడుపు కొంత, ఆశ్చర్యం కొంత.

"అనుకుని బయల్దేరితే ప్రయాణమమ్మా, దానికి ముహూర్తం కావాలి. అనుకోకుండా ఎక్కేదానికి వర్జ్యమేంటి?"

అది ఏ శాస్త్రంలో ఉందో నేనడగలేదు. అత్తగారి రెక్క పట్టుకుని మెట్లెక్కిస్తుంటే ఆయన నోట్లో మాత్రం ఏదో స్తోత్రం నడుస్తోంది. ఆ ముసలాయన మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు.

ఊరు దాటాక అన్నీ చేపల చెరువులే. ఆ వాసనకి మావగారు కండువా ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు, అయినా దిగిపోదామనలేదు. సరస్సు అంచున ఒక వంతెన దగ్గర దిగాం. కనుచూపు మేర నీళ్ళు, గుర్రపుడెక్క, కొంగలు. మా దగ్గర తినడానికి నాలుగు అరటిపళ్ళు తప్ప ఏమీ లేవు. ఒకాయన దోనె ఒడ్డుకి తెచ్చి, ఎక్కుతారాండీ అని అడిగాడు. అత్తగారు మమ్మల్నెవరినీ అడగకుండా వెళ్ళి, కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, అలవాటైన మనిషిలా మధ్యలో కూర్చున్నారు. మేమూ ఎక్కాం. కాస్త దూరం వెళ్ళాక ఆవిడ నీళ్ళలో చెయ్యి పెట్టి, చెల్లెల్ని పిలిచి వెక్కి వెక్కి ఏడ్చారు. చావు రోజున కూడా అలా ఏడవలేదావిడ. మావగారు ఊరుకోమనలేదు. కొంగలకేసి చూస్తూ కూర్చున్నారు.

ఒక్కపూట తిరుగుడుతో నయమైపోయిందని అనను. మందులు ఆ తర్వాతా వాడాం. కానీ ఊపిరాడనిచోట కిటికీ తెరుచుకుంది మాత్రం ఆ పూటే.

తిరుగు బస్సులో అత్తగారు నా పక్కన కూర్చున్నారు. సగం దారిలో నావైపు తిరిగారు.

"ఆమధ్య నువ్వు పప్పులో ఉప్పు వెయ్యలేదు."

మరి అప్పుడే చెప్పలేదేంటండీ అత్తయ్యగారూ, అన్నాను.

"చెప్పాలనిపించలేదమ్మా. ఇప్పుడనిపించింది." మళ్ళీ అందుకున్నారు, "పోపు కూడా మాడ్చావు."

నా ప్రాణం లేచొచ్చింది. పోపు మాడలేదండీ అని కళ్ళు తుడుచుకుంటూనే దెబ్బలాటకి దిగాను. గూడెం వచ్చేదాకా ఆవిడా వదల్లేదు, నేనూ వదల్లేదు.