పాతిక శాతం

కర్నూల్లో కడప బస్సెక్కినప్పటి నుంచీ మా మేనేజరు ఫోన్లో సతాయిస్తూనే ఉన్నాడు. సర్వరు నెమ్మదించిందన్నది ఉత్త సాకేనట. ఆ యూనిక్స్ సర్వరు పాతిక శాతమే పనిలో ఉన్నట్టు చూపిస్తోంది కాబట్టి, పని ఆలస్యానికి మా టీమే కారణమని నేను రాసివ్వాలట.

"సార్, అది నాలుగు ప్రాసెసర్ల సగటు. ఒకటి ఊపిరాడకుండా పని చేస్తోంది, మూడు ఊరికే కూర్చున్నాయి. అందులో నడిచే ప్రోగ్రాం పనిని మిగతావాటికి పంచడం కుదరదు" అన్నాను. ఆయన విసుక్కుని ఫోన్ పెట్టేశాడు.

పక్కసీటావిడ నవ్వింది. నేత చీర, ఒళ్లో సంచి.

"మా ఇంట్లో గూడా ఇంతేనప్పా. నలుగురు కోడండ్లం. వంట నేనే, మగ్గాలకు నూలు కండెలు చుట్టేది నేనే. మా అత్త మాత్రం, ఇంటినిండా కోడండ్లుండారు, ఎవరికేం కష్టం అంటాది."

అంతలో ఆమె ఫోన్ మోగింది. అత్తగారి గొంతు నాకూ వినిపించింది.

"యాడుండావే? ఇంకా పొయ్యి ముట్టియ్యలేదేమి?"

"బస్సులో ఉండా. మా అమ్మోళ్లింటికి పోతాండా. ఈ పొద్దు ఆ ముగ్గుర్నీ ముట్టియ్యమను." ఫోన్ ఆపేసి సంచిలో పడేసింది.

నా ఫోన్ మళ్లీ మోగింది. ఆమె నా వైపే చూస్తోంది.

"రాసివ్వను సార్. నాలుగింటి లెక్కా వేరువేరుగా పంపిస్తా, పైవాళ్లకు అదే చూపించండి" అన్నాను.

మైదుకూరులో ఆమె దిగిపోయింది. పేరైనా అడగలేదు.

మేనేజరు ఇప్పటికీ సగటే అడుగుతాడు. నేను నాలుగూ విడివిడిగానే పంపుతాను. సగటు కావాలంటే ఆయన్నే వేసుకోమన్నాను.