మైనం వేడి, కుండ వేడి

మంగతాయారు గారి మణికట్టు మీద బొబ్బ లేవడానికి కారణం నేను. ఆ మాట అప్పుడే ఆవిడ కొడుకు ముందు చెప్పాల్సింది. చెప్పలేదు.

కరోనా తగ్గిన మరుసటి ఏడాది అది. రాజమండ్రిలో వేరేవాళ్ల ఆసుపత్రిలో చాలాకాలం ఫిజియోథెరపిస్టుగా పనిచేసి, అప్పుడే సొంతంగా క్లినిక్ తెరిచాను. ఆవిడది ఆత్రేయపురం. అరవై దాటిన మనిషి. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డను దాని మీద ఒక్క లాగు లాగి, కాగితం కన్నా పల్చటి పూతరేకు తీయడం ఆవిడ పని. పెరట్లో జారిపడి కుడి మణికట్టు దగ్గర ఎముక విరిగింది. మేం కోలిస్ ఫ్రాక్చర్ అంటాం. సిమెంటు కట్టు విప్పాక చెయ్యి కొయ్యలా బిగుసుకుపోయింది. ఊళ్లో పూతరేకుల కొట్టు నడిపే కొడుకు శ్రీను బ్యారేజీ మీదుగా ఆటోలో తీసుకొచ్చేవాడు.

"మళ్లీ రేకు తియ్యగలనా బాబూ?" అన్నది ఆవిడ మొదటి ప్రశ్న. నొప్పి సంగతి తర్వాతే అడిగింది.

ఇలాంటి చేతికి ముందు వ్యాక్స్ బాత్ ఇస్తాం. కరిగించిన మైనంలో చెయ్యి ముంచి తీస్తే, ఆ వెచ్చదనానికి కండరాలు వదులవుతాయి. ఆ తర్వాత మసాజ్, వ్యాయామం. మైనంలో ముంచే ముందు థర్మల్ టెస్ట్ చేయాలి. అంటే రోగి చర్మానికి వేడి ఏ మాత్రం తెలుస్తోందో చూడాలి. ఆ రోజు బయట చాలామంది కూర్చుని ఉన్నారు. నేను పరీక్ష మానేసి, "వేలు పెట్టి చూడండమ్మా, ఎక్కువగా ఉందా?" అని అడిగి ఊరుకున్నాను.

ఆవిడ వేలు ముంచి నవ్వింది. "ఇదేం వేడండీ! మా ఇంట్లో కాఫీ కూడా ఇంతకన్నా వేడిగా ఉంటుంది."

నేను వేడి పెంచాను. ఆ వేళ్లు చిన్నప్పటి నుంచి కుండ మీద కాలి గట్టిపడినవని నాకు తట్టలేదు. మణికట్టు లోపలి చర్మం అలాంటిది కాదు. అది అన్నాళ్లూ కట్టు కింద ఉండి మెత్తబడిపోయింది.

మర్నాడు శ్రీను తల్లి చెయ్యి పట్టుకుని విసురుగా లోపలికొచ్చాడు. "చూడండి డాక్టరు గారూ, చెబితే వినదు! నేను కొట్టుకెళ్లగానే మళ్లీ కుండ దగ్గర కూర్చుంది."

"కూర్చోలేదురా."

"మరి బొబ్బ ఆకాశంలోంచి ఊడిపడిందా?"

ఆవిడ నా వైపు చూసింది. నేను మైనం డబ్బా మూత సర్దుతూ, "ఆయింట్‌మెంట్ రాస్తానండి, తగ్గిపోద్ది" అన్నాను. కొత్త క్లినిక్, బయట జనం. నిజం దాచేశాను.

"సరేలేరా. నా చెయ్యి, నా బొబ్బ. నీకెందుకంత ఆయాసం?" అంది ఆవిడ.

శ్రీను ఆటోవాడిని పిలవడానికి వెళ్లాక మెల్లిగా అంది: "నిన్న చురుక్కుమంటే వైద్యం కదా అని ఊరుకున్నాను. మైనం కాస్త చల్లార్చి పెట్టండి బాబూ. నా తర్వాత వచ్చేవాళ్లు ఓర్చుకోలేరు."

అంతే. మళ్లీ ఆ ఊసెత్తలేదు. అంత పెద్ద మనసు నేను మరెక్కడా చూడలేదు.

శ్రీను మాత్రం ఆ వారమే కుండను పిన్నిగారింటికి పంపేశాడు. తల్లి మీద ప్రేమతోనే పంపాడు. అయినా ఆవిడ క్లినిక్‌కి రావడం మానలేదు. నా బల్ల మీద స్టీలు బేసిన్ బోర్లించుకుని, తడిగుడ్డ రెండు చేతులా పట్టుకుని లాగేది. పళ్లు బిగించి పిండేది. "నొప్పి పుడితే ఆపండమ్మా" అంటే, "నొప్పిదేముందండీ, గుడ్డ వంకర పోతోంది, అదీ నా బాధ" అనేది. అరచెయ్యి పైకి తిప్పడం, మేం సూపినేషన్ అనేది, అందరికీ చివర వస్తుంది. ఆవిడ పట్టుదలకి అదీ వచ్చింది. చెయ్యి పూర్తిగా బాగైన రోజు బేసిన్ మీద గుడ్డ తిన్నగా లాగి చూపించి, "ఇప్పుడు పిండి ఉంటే రేకు వచ్చేసేదండీ" అంది.

ఇప్పుడు మైనం ముందు నా మణికట్టు మీద వేసుకుని, తర్వాత రోగి మణికట్టు లోపలి వైపు పరీక్షిస్తాను. వేళ్లను నమ్మను. ఆ పాఠం నాకు వెంటనే వంటబట్టింది. రెండోది వంటబట్టడానికే ఇన్నేళ్లు పట్టింది.

మొన్న ఆత్రేయపురం మీదుగా వెళ్తూ వాళ్ల కొట్టు దగ్గర ఆగాను. లోపల కొత్త కుండ ముందు కోడలు కూర్చుని ఉంది. మంగతాయారు గారు బయట అట్టపెట్టెలు మడుస్తోంది.

"అమ్మ చెయ్యి భేషుగ్గా ఉందండి. కుండ దగ్గరికి మాత్రం రానివ్వను. ఆ రోజు కాల్చుకుంది చాలదా?" అన్నాడు శ్రీను నవ్వుతూ.

ఆవిడ కూడా నవ్వి మరో పెట్టె అందుకుంది. ఆ చెయ్యి చక్కగా తిరిగింది. చెయ్యి బాగుచేసి, అది చేసే పనిని నేనే పోగొట్టానని అప్పుడు పూర్తిగా అర్థమైంది.

"శ్రీనూ, ఆవిడ కుండ ముట్టుకోలేదు. ఆ బొబ్బ నా మైనం వల్ల లేచింది. పరీక్ష చేయకుండా వేడి పెంచాను" అన్నాను.

శ్రీను నవ్వు ఆగిపోయింది. "మరి అప్పుడు చెప్పలేదేంటండీ?"

"భయపడ్డాను."

"ఆయన్నేం అనకురా" అంది ఆవిడ పెట్టె కింద పెట్టి. శ్రీను పక్కకెళ్లి ఫోను చేశాడు. "పిన్నీ, అమ్మ కుండ ఇంకా మీ ఇంట్లోనే ఉందా?" అని అడగడం వినిపించింది.

నేను ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. "అమ్మా, తప్పు నాది, మాట పడింది మీరు. నా వల్ల మీ కుండ, మీ చోటు పోయాయి. నన్ను క్షమించండి" అన్నాను.