రంగనాథ్ టర్బైన్లు

యూనివర్సిటీ మెకానికల్ ల్యాబ్‌లో పనిచేసే రంగనాథ్ తార్నాక కూరగాయల బండి దగ్గర కూడా అరిచే మాట్లాడతాడు. పిస్టన్లకు బదులు రెండు జెట్ టర్బైన్లతో విద్యార్థులు తయారుచేస్తున్న సూపర్‌కారు పక్కన ఐదేళ్లుగా ఉండడంతో వచ్చిన అలవాటది. రోజూ ఆ టర్బైన్లను పసిపిల్లల ముక్కు తుడిచినంత మెత్తగా జేబురుమాలుతో తుడుస్తాడు. ఒకరోజు తనిఖీకి వచ్చిన కమిటీ ఛైర్మన్, ల్యాబ్ ఆవరణలో ఉన్న ఆ సూపర్‌కారు వెనక నిలబడి ఫైలు తెరిచారు.

"దీంట్లో దమ్ము లేదయ్యా. ఆపేద్దాం."

"స్టార్ట్ చేసి చూపిస్తా సార్. రవ్వంత పక్కకు జరగండి," అన్నాడు రంగనాథ్.

ఆయన జరగలేదు. రంగనాథ్ మీట నొక్కాడు. ఫైల్లోని కాగితాలన్నీ ప్రహరీ గోడ దాటి మాణికేశ్వర్ నగర్ వైపు ఎగిరిపోయాయి.

"ఇంకో ఏడాది చేసుకోండయ్యా! ముందు దాన్ని ఆపు!" అని ఛైర్మన్ కేకపెట్టారు.

"రాసిస్తారా సార్?" అని అడిగి, ఆయన తలూపాక గానీ రంగనాథ్ ఆపలేదు.