స్తంభం పక్కకు పోయిన జూమ్

ఎనిమిదో క్లాసులో లెక్కల సార్‌కీ నాకూ పడలేదు. ఆయన బళ్లోనే ఉండిపోయాడు, నేను బయటపడ్డా. కొన్నేళ్లకు సికింద్రాబాద్‌లో ఏ గల్లీలో చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులే. మా అమ్మ మోండా మార్కెట్లో వంకాయలు ఏరుతూ, "మా పోరడు సుత కంప్యూటర్ల మీదే" అని చెప్పుకునేది. అబద్ధమేం కాదు. కార్ఖానా ఏరియాలో ఒక ఫొటో స్టూడియో వెనక గదిలో, కంప్యూటర్ ముందు కూర్చుని పెళ్లి వీడియోలు కత్తిరించేవాణ్ణి.

ఆ పనిలో బొమ్మల ముక్కలు ఒక వరసలో ఉంటాయి. జూమ్ ఎక్కడ షురూ కావాలి, గులాబీరంగు హృదయం ఎవరి చుట్టూ విచ్చుకోవాలి అని చెప్పే కీఫ్రేములు ఇంకో వరసలో. నేను వాటిని మేకులనేవాణ్ణి. ముందు కొత్త ముక్క దూరిస్తే వెనకున్న ముక్కల్నీ మేకుల్నీ కలిపి పట్టుకుని జరపాలి. లేకపోతే బొమ్మలు జరిగిపోతాయి, మేకులు ఉన్నచోటే ఉంటాయి.

ఒక శనివారం మారేడ్‌పల్లి నుంచి ఒక పెళ్లికూతురి నాన్న వచ్చాడు. విజయనగరం వైపు మనిషి, ఇక్కడ ఆఫీసు ఉద్యోగం. వీడియో అప్పటికే తయారైంది.

"మా అప్ప అక్షింతలేసే ముక్క అన్నిటికన్నా ముందెట్టు బాబూ." అప్ప అంటే వాళ్ల వైపు అక్క.

"వినాయకుడి కన్నా ముందా సార్?"

"వినాయకుడు అలగడు. మా అప్ప అలిగింది."

పసుపు దంచే రోజు మొదటి పోటు మేనత్తది, అంటే ఈ అప్పది. హడావుడిలో రోకలి పెళ్లికూతురి పిన్ని చేతికి పోయింది. పెద్దావిడ పెళ్లికి వచ్చింది, అక్షింతలు వేసింది, తమ్ముడితో మాత్రం ఒక్క మాట లేదు. రేపు మధ్యాహ్నం రైలు. ఆలోపు సీడీలో తనే ముందు కనబడితే కరుగుతుందేమోనని ఈయన ఆశ.

పదకొండు సెకన్ల ముక్క. దూరించా, బొమ్మలన్నిటినీ వెనక్కి జరిపా, సీడీ కొట్టా. మళ్లీ చూసుకున్నానా? చూసుకుంటే ఇప్పుడు చెప్పడానికి ఏముంటుంది?

ఆదివారం పొద్దున సీడీ ఇవ్వడానికి వెళ్తే కూర్చోబెట్టారు. పెద్దావిడ సంచి సర్దుకుని, గుమ్మం దగ్గర కుర్చీలో, గోడ వైపు తిరిగి కూర్చుంది. తెరమీద తను రాగానే కాస్త ఇటు తిరిగింది. తమ్ముడి ముఖం వెలిగింది. నా ముఖం మాత్రం నిమిషంలో ఆరిపోయింది. పెళ్లికూతురి నవ్వు చుట్టూ రావాల్సిన గులాబీ హృదయం పంతులుగారి ఆవులింత చుట్టూ విచ్చుకుంది.

"ఏటిది బాబూ?" అన్నాడాయన.

"జెర టెక్నిక్ సార్," అన్నా.

ఇక తాళి. దానికి నేను కొట్టిన పెద్ద జూమ్ పదకొండు సెకన్లు ముందే వచ్చేసింది. జనం అక్షింతలు పట్టుకుని నిలబడ్డ చోటికి పోయి, పోయి, స్తంభం పక్కన ఆగింది. అక్కడ పెద్దావిడ కొంగుతో కళ్లొత్తుకుంటోంది. తెర నిండా ఆమే.

తమ్ముడు తెరని చూశాడు, అక్కని చూశాడు.

"ఏడిచావా అప్పా?"

"హోమం పొగరా," అంది ఆవిడ. పసుపు దంచిన రోజు తర్వాత తమ్ముడితో మొదటి మాట అదే.

"స్తంభం కాడికి పొగెలా వచ్చింది?"

"నా పిల్ల పెళ్లికి నేనేడిస్తే నీకేటి? రోకలియ్యడం రాదు గానీ ప్రశ్నలొకటి."

ఆయన కాఫీ తెచ్చిచ్చాడు. ఆవిడ తీసుకుంది. తాగుతూ పసుపు సంగతి మొదటినుంచీ తిట్టింది. ఆయన తలూపుతూ, ఆనందంగా తిట్లు తిన్నాడు.

మెల్లగా సీడీ తీసుకుని, "అన్నీ జరిపి రేపు తెస్తా సార్," అన్నా.

"అన్నీ జరుపు. స్తంభం కాడిది మాత్రం కదపకు."

"మరి తాళికి?"

"దానికి ఇంకోటి కొట్టు."

పెద్దావిడ గ్లాసు కింద పెట్టింది. "పంతులుగారి గుండె మాత్రం తీసీ బాబూ. ఆయన భార్య చూస్తే బావోదు."