ఎవరూ ఓడించలేని కాపలావాడు

పాచికల మీద పడింది తొమ్మిది. దానికి దొంగల నాయకుడి బలం అయిదు కలిపితే పద్నాలుగు. డ్రాయింగు మాస్టారు, పాచికలు మిగతావాళ్లకు కనబడకుండా నిలబెట్టుకున్న అట్ట చాటు నుంచి తలెత్తి "పందొమ్మిది" అన్నాడు. ఆయన పక్కనే కూర్చున్నాను కాబట్టి ఆ తొమ్మిదిని నేను కళ్లారా చూశాను. అలా అబద్ధం చెప్పాలని ఆయనా, నేనూ, మందుల షాపతనూ మూడు రోజుల ముందే అనుకున్నాం. ఆ అబద్ధంతో మేము చంపింది ఆటలో మా బావ పాత్రను.

బావ అంటే మా అక్క మొగుడు. చొక్కాల ఫ్యాక్టరీలో బట్ట కత్తిరిస్తాడు. కత్తిరించే ముందు ఇంకో పని ఉంటుంది. ముందు భాగం, వెనుక భాగం, చేతులు, కాలరు, వీటి అట్టలను బట్ట మీద ఎలా పేరిస్తే తక్కువ పీలికలు పోతాయో చూసుకోవాలి. అందులో బావను మించినవాడు లేడు. ఒకసారి చేతి అట్టను తలకిందులు చేసి రెండు వెనుక ముక్కల మధ్య ఇరికించి, చొక్కాకు బెత్తెడు బట్ట మిగిల్చాడు. యజమాని బామ్మర్ది అది తన ఆలోచనేనని చెప్పుకుని ఆ విభాగానికి పెద్ద అయ్యాడు. ఎలా పేర్చాలో ఆ తర్వాత అతనే వచ్చి బావకు నేర్పేవాడు.

"నీ నోట్లో నాలుక లేదా? అది నాదీ అని ఒక్క మాట అనలేకపోయావా?" అని అక్క ఆ రోజు ఇల్లు పీకి పందిరేసింది.

"అన్నాను. వినలేదు" అని బావ చొక్కా విప్పి మేకుకు తగిలించాడు. అంతే.

అలాంటి మనిషిని మా ఆటకు తీసుకెళ్లింది నేనే. ఆదివారం మధ్యాహ్నాలు డ్రాయింగు మాస్టారి గదిలో, రెండు ట్రంకుపెట్టెల మీద పరిచిన పాత తలుపు చుట్టూ కూర్చుని ఆడేవాళ్లం. మాస్టారు కథ నడుపుతాడు, మిగతావాళ్లది తలా ఒక పాత్ర. ప్రతి పాత్రకూ నలభై పాయింట్లు. బలానికి ఎన్ని, వేగానికి ఎన్ని, మాటకారితనానికి ఎన్ని, రక్షణకు ఎన్ని అన్నది మన ఇష్టం. కొట్లాట వస్తే రెండు పాచికలు వేసి, పడిన దానికి కొట్టేవాడి బలం కలుపుతారు. అది ఎదుటివాడి రక్షణను దాటితే దెబ్బ తగిలినట్టు.

నేను పాటలు పాడే దొంగను తయారు చేసుకున్నాను. మందుల షాపతను శాపం తగిలిన రాజకుమారుణ్ణి. బావ నియమాల పుస్తకం ఇంటికి పట్టుకుపోయి వారం పాటు చదివాడు. "పదో తరగతికి ఇంత చదివుంటే ఈపాటికి కలెక్టరయ్యేవాడు" అంది అక్క. వారం తర్వాత ఆయన తెచ్చిన కాగితంలో మాటకారితనం సున్నా, అందం సున్నా, రక్షణ పద్ధెనిమిది.

"వీడెవరండీ? అమ్మానాన్నలెవరు?" అని అడిగాడు మాస్టారు.

"కాపలావాడు. గుమ్మంలో నిలబడతాడు."

"అదికాదండీ, లోపల ఏదో ఒక దుఃఖం ఉండాలి కదా."

"దుఃఖానికి ఎన్ని పాయింట్లిస్తారు?" అన్నాడు బావ, లెక్క వేసుకోవడానికి నిజంగానే పెన్సిల్ తీస్తూ. మేము పొట్ట పట్టుకుని నవ్వాం.

మొదట్లో బాగానే ఉండేది. నా దొంగ ఎక్కడ ఇరుక్కున్నా కాపలావాడు వచ్చి అడ్డం నిలబడేవాడు. తర్వాత తర్వాత అదే మాకు కంటగింపైంది. వంతెన మీద యుద్ధం కోసం మాస్టారు నెల రోజులు పటాలు గీశాడు. బావ టీ చల్లారేలోపు దాన్ని ముగించేశాడు. నా దొంగ పాట ఎత్తుకోకముందే శత్రువులు పడిపోయారు. పైకి మేము "కథ పాడవుతోంది" అనుకున్నాం. నా మటుకు నాది ఉత్త ఏడుపు. ఇంట్లో నేనే పుస్తకాలు చదివేవాణ్ణి. ఆ బల్ల దగ్గర మాత్రం అందరూ బావ వైపే చూసేవాళ్లు.

ఒక ఆదివారం మాస్టారు అందరికీ చీటీలిచ్చి, ఎందుకు ఆడుతున్నారో రాయమన్నాడు. నేను "ఇంకొకరిలా బతకడానికి" అని గొప్పగా రాశాను. బావ చీటీని మాస్టారు పైకి చదివాడు. "ఇక్కడ లెక్క సరిగ్గా వేస్తే ఫలితం సరిగ్గా వస్తుంది."

"మీరు ఇన్‌కంటాక్స్ ఆఫీసులో ఉండాల్సినవారు బావగారూ!" అన్నాడు మందుల షాపతను. మళ్లీ నవ్వాం. బావ కూడా నవ్వాడు. ఆ చీటీ చదివిన తర్వాతే మేము కుట్ర చేశామన్నది ఇప్పటికీ నాకు మింగుడుపడదు.

ఆ రోజు మాస్టారు పందొమ్మిది అనగానే బావ పెన్సిల్ ఆగింది.

"ఎంతండీ?"

"పందొమ్మిది. కత్తి గుండెల్లో దిగింది. మీ కాపలావాడు చనిపోయాడు. క్షమించాలి."

రెండు పాచికల మీద పన్నెండు మించి పడదు. నాయకుడి బలం అయిదు కలిపినా పదిహేడే. అది లెక్క వేయడానికి బావే అక్కర్లేదు, బడిపిల్లాడు చాలు. ఆయన కాసేపు అట్ట వైపు చూశాడు. రబ్బరు తీసుకుని కాగితం మీది అంకెలన్నీ ఒక్కొక్కటిగా చెరిపాడు. పొట్టు ఊది, తెల్లకాగితాన్ని మాస్టారి ముందుకు జరిపాడు. "మళ్లీ పనికొస్తుంది" అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

తర్వాతి ఆదివారం నుంచి ఓవర్‌టైం ఉందన్నాడు. మా ఆట ఏమీ బాగుపడలేదు. కాపలావాడు లేని గుమ్మంలోంచి ఎవరు పడితే వాళ్లు వచ్చారు. నా దొంగ మూడో వారమే చచ్చాడు. రెండు నెలల్లో ఆ తలుపు మళ్లీ గోడకు చేరింది. ఫ్యాక్టరీలో కూడా బావ అట్టలను అందరిలాగే పేరుస్తున్నాడని, పీలికలు బస్తాలకు బస్తాలు పోతున్నాయని అక్క చెప్పింది.

ఆ ఏడాది చివర్లో ఆయన వేరే ఊరి ఫ్యాక్టరీకి మారాడు. అక్క ముందే వెళ్లింది. బస్టాండులో సామాను ఎక్కించాక, ఇక ఉండబట్టలేక అన్నాను.

"బావా, ఆ రోజు పడింది తొమ్మిది."

"తెలుసురా."

"ముగ్గురం కలిసే చేశాం."

"అదీ తెలుసు. నువ్వు నా వైపు చూడలేదుగా."

డ్రైవరు ఇంజను ఆన్ చేశాడు. బావ మెట్టెక్కి, కడ్డీ పట్టుకుని వెనక్కి తిరిగాడు.

"వాడు చావాలని మీకుంటే, చంపెయ్ బావా అని ఒక్క మాట అనుంటే నేనే చంపేసేవాణ్ణి కదరా. ఓడిపోవడం నాకేం కొత్త? అంకె ఎందుకురా మార్చారు?"